కొండ్రుపాలెం పన్ను

నల్లపాడు దాటాక వచ్చే గుంతలో దేవకుమారి ముందుపన్ను విరిగింది. కూలి ఆటో అది. పట్టవలసినవాళ్ళకు రెట్టింపు మంది ఎక్కారు, అందరి ఒళ్ళోనూ అన్నం క్యారేజీలు. డ్రైవరు సెల్‌ఫోనులో మాట్లాడుతూ బండిని గుంతలో దింపాడు. ఎదురుగా ఉన్న ఇనుప కడ్డీ ఆవిడ మూతికి కొట్టుకుంది. ఇంకొకరైతే ఏడ్చేవారు. దేవకుమారి నోట్లో రక్తం ఉమ్మేసి, ముందు డ్రైవరు చేతిలో ఫోను లాక్కుంది, తరువాత వాణ్ణి కడుపునిండా తిట్టింది, ఆ తరువాతే విరిగిన పన్ను తడిమి చూసుకుంది. ఆవిడకు ఏ పనైనా ఆ వరసలోనే జరగాలి. ఆ రోజు పని కూడా మానలేదు, మూతికి తడిగుడ్డ అద్దుకుంటూ సాయంత్రం దాకా మిరపకాయల దగ్గరే ఉంది.

ఆవిడది కొండ్రుపాలెం. వినుకొండ నుంచి ప్రకాశం జిల్లా వైపు పోతుంటే వస్తుంది. మిరప సీజను మొదలవగానే ఊళ్ళో ఆడవాళ్ళను కూడగట్టి గుంటూరు కోల్డ్ స్టోరేజీలకు తీసుకొస్తుంది. అక్కడ ఎండుకాయలకు తొడిమలు తీయడం వాళ్ళ పని, వాళ్ళ చేత తీయించడం మేస్త్రిగా ఆవిడ పని. ఊరి చర్చిలో స్త్రీల సమాజానికి కూడా ఆవిడే పెద్ద. రెండుచోట్లా ఆవిడ మాటే చెల్లాలి, చెల్లకపోతే గొంతు పెరుగుతుంది. ముక్కుపొడి పీల్చే ముసలమ్మల డబ్బీలు లాక్కుని దిబ్బలో పారేసిన చరిత్ర ఉంది ఆవిడకు. పొగాకు, కిళ్ళీ అన్న మాట వింటేనే ఒళ్ళు మండుతుంది. దేవుడిచ్చిన నోటిని అట్లా పాడుచేసుకోవడం ఆవిడ దృష్టిలో పాపమే.

అలాంటి మనిషి పళ్ళు మాత్రం చూడగానే పొగాకు పళ్ళే అనిపిస్తాయి. ముందుపళ్ళ మీద అడ్డంగా గోధుమరంగు చారలు, వాటి మధ్య సుద్ద పూసినట్టు తెల్ల మచ్చలు. ఆవిడవే కాదు, ఆ ఊళ్ళో ఆ బోరు నీళ్ళు తాగి పెరిగిన అందరి పళ్ళూ అంతే. నీళ్ళలో ఫ్లోరైడు ఉందని తరువాత ఎప్పుడో అధికారులు వచ్చి చెప్పారు. అప్పటికి ఆవిడ చిన్నతనమంతా అయిపోయింది. బడిలో టీచరు రోజూ పొద్దున్నే నిలబెట్టి నోరు కడుక్కురమ్మని బయటికి పంపేది. ఆ పిల్ల వెళ్ళి ఇటుకపొడితో చిగుళ్ళు చిట్లేదాకా తోముకుని వచ్చేది. మచ్చ పన్ను లోపల ఉందని టీచరుకూ తెలియదు, పిల్లకూ తెలియదు. ఆ తరువాత నవ్వొచ్చినప్పుడల్లా నోటికి కొంగు అడ్డం పెట్టుకోవడం అలవాటయింది. కొండ్రుపాలెం ఆడపిల్లలందరికీ ఆ అలవాటుంది.

పెళ్ళి అదే ఊళ్ళో ఏసోబుతో జరిగింది. ఒకే నీళ్ళు తాగినవాళ్ళు కాబట్టి ఒకరి నోరు చూసి ఒకరు సిగ్గుపడే పని లేకపోయింది. కానీ ఆ నీళ్ళు ఏసోబు పళ్ళతో ఆగలేదు, ఎముకల్లోకి దిగాయి. నలభై దాటకుండానే నడుము వంగింది, మోకాళ్ళు బిగుసుకున్నాయి. చనిపోయినప్పుడు మనిషిని పెట్టెలో చాపి పడుకోబెట్టడం కుదరలేదు. మూత పడటానికి నలుగురు మగవాళ్ళు అవస్థపడుతుంటే దేవకుమారి పక్కన నిలబడి చూసింది. ఆ రోజు కళ్ళొత్తుకున్న కొంగును ఆ తరువాత ఎప్పుడూ నోటికి అడ్డం పెట్టలేదు. తరువాత ఒక సోమవారం కలెక్టరాఫీసుకు అర్జీ పట్టుకుని పోయినప్పుడు, మీ ఊరి నీళ్ళు అంత చెడ్డవేం కావని ఒక అధికారి అంటే, ఆయన బల్ల ముందుకు వంగి నోరు బారుగా తెరిచి చూపించింది. ఇప్పుడు ఊరికి మంచినీళ్ళ ట్యాంకరు వస్తోంది. ఆ నోటి వల్లే వస్తోందని ఊళ్ళో చెప్పుకుంటారు.

కొడుకు మార్క్ గుంటూరులో కార్ల షోరూములో సేల్సు ఉద్యోగం చేస్తాడు. ఉద్యోగంలో చేరేముందే పై పళ్ళకు తెల్లటి పింగాణీ రేకులు అతికించుకున్నాడు. కార్లు కొనేవాళ్ళ ముందు నవ్వాలి కదా అన్నాడు. వాడి నోరు వాడిష్టం అనుకుంది దేవకుమారి. తరువాత క్రిస్టీనాతో పెళ్ళయింది, పాప పుట్టింది. పాపకు బాప్తిస్మం దగ్గర పడుతుండగా దేవకుమారి పన్ను విరిగింది. మార్క్ కంగారుపడి డాక్టర్ కౌసర్ దగ్గరికి తీసుకెళ్ళాడు. తన పళ్ళకు రేకులు వేసింది ఆవిడే. విరిగిన పన్నుకు వేరు దాకా శుభ్రం చేసి, మందు నింపి, క్యాప్ వేయడానికి తరువాత రమ్మంది.

ఆ తరువాతి సారి మార్క్ తన అత్తగారిని, క్రిస్టీనా తల్లి రాజ్యంగారిని కూడా వెంటబెట్టుకొచ్చాడు. రిటైరయిన హెడ్‌మిస్ట్రెస్ ఆవిడ. క్యాప్‌కు ముందు క్లీనింగ్ ఉంటుందమ్మా అని మార్క్ అన్నాడు, దేవకుమారి సరేనని కుర్చీలో వెనక్కి వాలింది. కౌసర్ పెదవుల మూలలు సాగదీసి పట్టే ప్లాస్టిక్ చట్రం నోట్లో బిగించింది. చిగుళ్ళకు నీలం జిగురు పూసి లైటు వేసి గట్టిపరిచింది. ఇంత క్లీనింగ్ ఏమిటా అని దేవకుమారికి అనుమానం వచ్చింది కానీ అడగడానికి నోరు ఆవిడ చేతుల్లో లేదు.

కౌసర్ మార్క్ వైపు తిరిగి చెప్పింది. "ఫోన్లో చెప్పినట్టే మార్క్‌గారూ, ఇవి ఒక్క సిట్టింగుతో పోయేవి కావు. చారలు పలచబడతాయి, తెల్ల మచ్చలు కొంత ఉంటాయి. పళ్ళు తెల్లబడ్డాక కొన్నాళ్ళు ఆగి, వచ్చిన రంగును బట్టి క్యాప్ చేయిస్తాను. క్యాప్ ముందు పెట్టేస్తే దాని రంగు ఇక మారదు."

"చేయండి డాక్టర్‌గారూ. పాప బాప్తిస్మానికి అయిపోవాలి. కుదిరితే నాకు వేసిన రంగే రావాలి," అన్నాడు మార్క్.

అప్పుడు రాజ్యంగారు కుర్చీ దగ్గరికి వచ్చి, మంచి మనసుతోనే దేవకుమారి చెయ్యి పట్టుకుంది. "భయపడకండి వదినగారూ. మా అల్లుడు అన్నీ చెప్పాడు. ఇన్నేళ్ళు కిళ్ళీ నమిలారు, సరే, ఎవరి అలవాటు వాళ్ళది. ఇకనైనా మానేయండి. ఇంత చేయించాక మళ్ళీ ఆకూ వక్కా అంటే బాగుండదు."

దేవకుమారికి ఒక్క క్షణం ఆ మాట ఎవరి గురించో అర్థం కాలేదు. అర్థమయ్యాక మాట్లాడబోయింది. నోట్లోంచి ఆ, ఆ అన్న శబ్దం తప్ప ఏమీ రాలేదు. కొడుకు వైపు చూసింది. మార్క్ సీలింగ్ ఫ్యాను రెక్కలు చూస్తున్నాడు.

"కిళ్ళీ అని ఎవరన్నారండీ? ఇది..." అని కౌసర్ ఏదో చెప్పబోయింది.

"టైమవుతోంది డాక్టర్‌గారూ, మొదలుపెట్టండి," అన్నాడు మార్క్.

దేవకుమారి రెండు చేతులతో చట్రం పట్టుకుని ఊడలాగింది. చిగుళ్ళ మీది నీలం జిగురును గోటితో పెకిలించి స్టీలు ట్రేలో వేసింది. పెదవి మూల చీరుకుపోయింది. ఆ మంట ఆవిడకు తెలియలేదు.

"వదినగారూ, నేను పుట్టి ఆకు నోట పెట్టలేదు. వక్క కొరకలేదు. మా అత్త చుట్ట పారేసి ఆమె చేత తన్నులు తిన్నదాన్ని. ఈ మరక మా ఊరి బోరుది. నేను తాగాను, మా ఆయన తాగాడు, వీడూ తాగాడు."

రాజ్యంగారు అల్లుడి నోటి వైపు చూసింది. అక్కడ ఏ మరకా లేదు. మార్క్ పెదవులు బిగించుకున్నాడు.

"అమ్మా, ఊరుకోవే. కంగారులో ఏదో మాట్లాడుతోందండీ అత్తయ్యగారూ," అన్నాడు.

"కంగారు నాకెందుకురా? పన్ను విరిగింది గానీ బుర్ర పగల్లేదు."

రాజ్యంగారికి ఎవరి మాట నమ్మాలో తెలియలేదు. మీరు మీరు చూసుకోండి అంటూ బయట బెంచీ మీద కూర్చుంది. తలుపు మూసుకున్నాక మార్క్ గొంతు తగ్గించాడు.

"పెళ్ళి మాటలప్పుడు అడిగారమ్మా. ఆ నీళ్ళ జబ్బు మీ ఇంట్లో ఉందా, పిల్లలకు వస్తుందా అని. నాన్న సంగతి తెలిస్తే సంబంధం తప్పిపోయేది. కిళ్ళీ అంటే ఒక్క మాటతో పోతుందని అన్నాను. అందులో తప్పేముంది?"

"నీ అబద్ధం నీ మీద చెప్పుకోవచ్చుగా. నేను కిళ్ళీ నమిలానన్నావు, రేపు మీ నాన్న తాగుబోతై నడుము విరగ్గొట్టుకున్నాడంటావు, ఇంకేం చెబుతావ్? మమ్మల్నిట్టా చేస్తే నువ్వు గుంటూరోడివి అయిపోతావా?"

మార్క్ తలుపు తోసుకుని వెళ్ళిపోయాడు. దేవకుమారికి కోపం కంటే బాధే ఎక్కువగా ఉంది. బోరు నీళ్ళు మొగుణ్ణి తీసుకుపోయాయి, వాటి మీద కోపం రావడం తేలిక. కొడుకే తనను ఉన్నదున్నట్టుగా పదిమందిలో నిలబెట్టలేకపోతే ఎవరి మీద కోపం తెచ్చుకోవాలి? ఆ బాప్తిస్మం రోజున వాడు తన పక్కన నిలబడి, ఈవిడ మా అమ్మ అంటాడా, అనడా? ఆవిడకు కావలసింది అదొక్కటే. పన్నుదేముంది, పన్ను లేకపోయినా అన్నం తినొచ్చు.

కానీ బాధపడుతూ కూర్చునే అలవాటు ఆవిడకు లేదు. కుర్చీలో సర్దుకుని కూర్చుని డాక్టరుతో బేరం మొదలుపెట్టింది.

"డాక్టరమ్మా, తెల్లబరిచేది నాకొద్దు. విరిగినదొక్కటే పెట్టు. పక్కదానికి జతగా ఉండాలి. దీని సంగతి వాడితో కాదు, నాతో మాట్లాడు."

కౌసర్ సొరుగులోంచి రంగుల పలక తీసింది. పుల్లలకు గుచ్చిన నమూనా పళ్ళు, తెల్లటి నుంచి పసుపుపచ్చ దాకా వరసగా ఉన్నాయి. దేవకుమారి ఒక్కొక్కదాన్నే తిప్పి చూసింది.

"ఇందులో మా ఊరోళ్ళది లేదే."

"ఉండదు పెద్దమ్మా. ఇవి కంపెనీవాళ్ళు పంపేవి."

"కంపెనీవాడికి మా ఊరు తెలవదు. నీకు తెలిసిందిగా, నువ్వు చేయించు."

కౌసర్ నవ్వింది, ఆవిడ నవ్వకపోవడం చూసి ఆపేసింది. "పెద్దమ్మా, మచ్చలున్న పన్ను నేను కొత్తగా చేసి పెడితే చూసినవాళ్ళు ఏమనుకుంటారు? కౌసర్ డాక్టర్ పెట్టిన పన్నుకు అప్పుడే గార పట్టిందంటారు."

"ఏమన్నా అంటే నా దగ్గరికి పంపు. కాయల్లో ఉంటాను."

డాక్టరు చాలాసేపు ఆవిడ నోట్లోకి చూసింది. "నిజం చెప్పాలంటే తెల్ల పన్ను చేయడమే తేలిక. ఈ మచ్చ పెట్టడమే కష్టం. ల్యాబ్‌లో షఫీక్ ఒప్పుకుంటే చేద్దాం," అంది.

షఫీక్ ముందు ఒప్పుకోలేదు. కట్టుడు పళ్ళు, క్యాపులు చేయడం అతని పని, మచ్చ లేకుండా చేస్తాడని పేరు. ఫొటో పంపితే పొరపాటున వచ్చిందనుకుని రెండుసార్లు ఫోన్ చేశాడు. చివరికి మనిషిని చూడాలని తానే క్లినిక్‌కు వచ్చాడు. దేవకుమారిని కిటికీ పక్కన వెలుతురులో కూర్చోబెట్టి, విరగని పన్నును చూస్తూ కాగితం మీద చారలు గీసుకున్నాడు. ఈ మరక నోట్లో కుడికీ ఎడమకూ ఒకేలా వస్తుంది కాబట్టి, ఉన్నదాన్ని అద్దంలో తిప్పినట్టు చేస్తే పోయినది దొరుకుతుంది. ఆ సంగతి కౌసర్ చెబితే అతనికి పని మీద ఇష్టం పుట్టింది. పింగాణీ పన్ను చేసి, చారల రంగు పూసి, కొలిమిలో కాల్చి తెచ్చాడు.

అద్దం పట్టుకుని దేవకుమారి పెదవి విరిచింది. "ఏం బాబూ, మొహమాటపడ్డావా? చార ఇంత పలచన ఉందేంది? ఇంకా కిందికి రావాలి, ఇంకా ముదరాలి."

షఫీక్ సిగ్గుపడ్డాడు. నిజంగానే జాలిపడి ఒక పాలు తగ్గించాడతను. మళ్ళీ పట్టుకెళ్ళి, మళ్ళీ కాల్చి తెచ్చాడు. ఈసారి కౌసర్ దాన్ని అతికించి వెనక్కి జరిగి చూస్తే, విరిగిన పన్ను ఏదో తనకే వెతుక్కోవలసి వచ్చింది. దేవకుమారి అద్దంలో చూసుకుంది, నాలుకతో తడుముకుంది. ఏమీ పోనట్టే ఉంది. ఆ మధ్యాహ్నం కోల్డ్ స్టోరేజీలో కొండ్రుపాలెం ఆడవాళ్ళంతా ఆవిడ చుట్టూ మూగి నోరు తెరిపించి చూశారు. చూసి, ఘాటుకు కట్టుకున్న గుడ్డలు మూతి మీది నుంచి కిందికి లాగేసి విరగబడి నవ్వారు. మచ్చ పన్ను చేయించుకున్న మనిషిని వాళ్ళు ఎక్కడా చూడలేదు.

ఇన్ని రోజులూ మార్క్ ఫోన్ చేయలేదు. క్రిస్టీనా చేసింది. "అత్తయ్యా, ఆయన మాటలు పట్టించుకోకండి. పాప బాప్తిస్మానికి మీరు ముందుగానే రావాలి," అంది. పిలిచినా పిలవకపోయినా పోవాలనే ఆవిడ అనుకుంది. మనవరాలి తల మీద నీళ్ళు పడే వేళ తాను తొడిమలు తీస్తూ కూర్చుంటుందా?

చర్చిలో అంతా సవ్యంగా జరిగింది. పాప ఏడవలేదు. మార్క్ తల్లికి వందనం చెప్పాడు గానీ కళ్ళలోకి చూడలేదు. ఆరాధన కాగానే భోజనాలు పక్కనున్న హాల్లో. దేవకుమారి అందరికంటే ముందు అక్కడికి నడిచి, గేటు దగ్గర ఆగిపోయింది. గేటు మీద పెద్ద ఫ్లెక్సీ కట్టారు. మధ్యలో పాప, ఒక పక్క రాజ్యంగారు, ఇంకో పక్క తాను. తానే, కానీ నోటి నిండా తెల్లటి పళ్ళు. కొత్త వాష్‌బేసినులా మెరిసిపోతున్నాయి.

వెనకే వచ్చిన మార్క్ ఆవిడ అడగకముందే అన్నాడు. "డిజైనరు అందరికీ అట్టాగే చేస్తాడమ్మా."

"నువ్వు చూడకుండా ప్రింటుకు ఇచ్చాడా?"

మార్క్ ఫ్లెక్సీ వైపు తిరిగాడు. "చూశాను."

దేవకుమారి గొంతు పెంచుతుందని అతను భయపడ్డాడు. ఆవిడ పెంచలేదు. పోయి సరిగ్గా ఆ ఫ్లెక్సీ కింద, తన బొమ్మ కింద నిలబడింది. వచ్చేవాళ్ళకు చేతులు జోడించడం మొదలుపెట్టింది. "రండి, రండి. నేను పాప నాయనమ్మని. మాది కొండ్రుపాలెం." ప్రతి మాటకూ నోరు బారుగా తెరిచి నవ్వింది. వచ్చినవాళ్ళు పైకి చూశారు, కిందికి చూశారు, లోపలికి నడిచారు. రాజ్యంగారి స్నేహితులైన టీచర్లు కాస్త దూరం పోయి గుసగుసలాడుకున్నారు. దేవకుమారి అక్కడి నుంచి కదల్లేదు. కదిలితే పైనున్న ఆ మనిషే మిగిలిపోతుందని ఆవిడకు అనిపించింది.

షోరూము మేనేజరు కారు దిగాడు. మార్క్ ఎదురెళ్ళి చెయ్యి కలిపాడు, రాజ్యంగారిని పరిచయం చేశాడు. మేనేజరు గేటు దగ్గరున్న దేవకుమారి నోరు తెరిచేలోపే ఆవిడకు ముక్తసరిగా నమస్కారం పెట్టి, తల పైకెత్తి ఫ్లెక్సీ చూశాడు.

"మీ అమ్మగారు రాలేదా మార్క్?" అని అడిగాడు బొమ్మ చూపిస్తూ.

చెప్పవలసింది తాను కాదని దేవకుమారి కొడుకు మొహంలోకి చూస్తూ నిలబడింది. లోపల వడ్డన మొదలైన చప్పుడు వినిపిస్తోంది. మార్క్ ఆ పక్కనే ఉన్న ప్లాస్టిక్ కుర్చీ లాగి, బూట్లతోనే పైకెక్కాడు. ఒక మూల తాడు విప్పాడు. రెండోది ముడిపడిపోతే పళ్ళతో పట్టి లాగాడు. ఫ్లెక్సీ చరచరమంటూ జారి గేటు ముందు పడింది.

"అందులో ఉన్నావిడ మా అమ్మ కాదు సార్," అన్నాడు కుర్చీ మీది నుంచే. "మా అమ్మ ఈవిడ. మాది కొండ్రుపాలెం. నా పళ్ళూ ఇంతే, పైన రేకులు వేయించుకున్నాను." తరువాత రాజ్యంగారి వైపు తిరిగాడు. "కిళ్ళీ సంగతి అబద్ధం అత్తయ్యగారూ. నేనే చెప్పాను. మా నాన్న ఆ నీళ్ళకే పోయాడు."

రాజ్యంగారు వచ్చి దేవకుమారి పక్కన నిలబడి, వెనకాల వస్తున్నవాళ్ళకు తాను కూడా చేతులు జోడించింది. మార్క్ కుర్చీ దిగి ఫ్లెక్సీని రెండు చేతులతో పట్టుకుని చింపబోయాడు.

"చింపమాకరా," అంది దేవకుమారి. కళ్ళు తడిగా ఉన్నాయి, గొంతు మాత్రం మేస్త్రి గొంతే. "మడిచి మా ఆటోలో వెయ్యి. ఊళ్ళో కల్లంలో కాయలు ఆరబోయడానికి పట్టాలు చాలట్లేదు."